ఎనిమిది మందికి ఒకటే చొక్కా

నిన్న ఇక్కడ గల్ఫ్‌లో, మేముండే సనాబిస్‌లో మా ఆయన కోటు కోసం లాండ్రీకి వెళ్తే, కొక్కేనికి వేలాడుతూ నీలం చారల చొక్కా ఒకటి కంటబడింది. ఇక అక్కడ నిలబడబుద్ధి కాలేదు. కోటు తీసుకోకుండానే ఇంటికొచ్చేశాను.

తొమ్మిదేళ్ళ కిందట, నలభై ఆరేళ్ళ వయసులో, నాకు జర్నలిజం పిచ్చి పట్టింది. ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో మాస్ కమ్యూనికేషన్ కోర్సులో చేరాను. మొదటిరోజు క్లాసులో అడుగుపెడితే పిల్లలంతా పంతులమ్మననుకుని లేచి నిలబడ్డారు. నేనూ మొహమాటపడి, కూర్చోమని చెయ్యి ఊపాను. పగలంతా ఆఫీసు, సాయంత్రం క్లాసు, ఇంటికొస్తే వంట. ఏడాది తిరిగేసరికి ప్రాణం విసిగిపోయింది. చివరికి ఒక్క అసైన్‌మెంటు మిగిలింది: కాలేజీ పత్రికకు ఒక కార్మికుడి కథ, ఫొటోతో సహా. అది తప్పితే ఇంకో ఆర్నెల్లు చదవాలి.

కర్జకాన్‌లో ఇల్లు కడుతున్న చోట జగిత్యాల వైపు తమ్ముడొకడు దొరికాడు. అక్కా అంటూ టీ తెప్పించి, అడిగినవన్నీ చెప్పాడు. వాళ్ళ లేబర్ క్యాంపు గదిలో ఎనిమిది మందికీ కలిపి ఒకటే మంచి చొక్కా, నీలం చారలది. శుక్రవారం ఇంటికి వీడియో కాల్ చేసేటప్పుడు వంతులవారీగా అదే తొడుక్కునేవారు. ఎనిమిది ఊళ్ళలో ఎనిమిది మంది ఇల్లాళ్ళు ఆ ఒక్క చొక్కానే చూసి మురిసిపోయేవారన్నమాట. ఇతను సూపర్‌వైజరునని ఇంట్లో చెప్పుకున్నాడు.

"ఫొటో గా అంగి ఏసుకున్నంక దియ్యక్కా. మా బిడ్డ సూస్తది," అన్నాడు.

మా లెక్చరరు మాత్రం ముందే పని బట్టల్లోనే కావాలంది, ముస్తాబు చేసిన ఫొటో అబద్ధమంది. వాదించే ఓపిక నాకు లేదు.

"కాలేజీ పత్రిక తమ్ముడూ, ఇంగ్లీషులో ఉంటుంది. మీ ఊళ్ళో ఎవరు చూస్తారు?" అన్నాను.

అతను తలకు గుడ్డ చుట్టుకుని, ఇటుకలెత్తుకున్నాడు.

ఫొటో చూడ్డానికి ఇంగ్లీషెందుకు? పత్రిక వెబ్‌సైటులో పెట్టిన వారానికి, ఇక్కడే అరాద్‌లో ఉండే వాళ్ళ ఊరి మనిషెవరో దాన్ని ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. క్లాసులో నాకు అందరికంటే ఎక్కువ మార్కులొచ్చిన రోజే అతను ఫోన్ చేశాడు. తిట్టినా బాగుండేది.

"అక్కా, మా బిడ్డ ఏమడిగిందో ఎర్కేనా? బాపూ, నీ అంగి ఏది, ఎవలన్న గుంజుకున్నరా అన్నది."

క్షమించమన్నాను. "గట్లేం లేదక్కా," అని పెట్టేశాడు. తర్వాత ఆ నంబరు పనిచేయలేదు.

ఆ కోర్సు పాసయ్యాక నేను ఒక్క వార్తా రాయలేదు. సర్టిఫికెట్ బీరువాలో ఉంది. ఆ పిల్ల ఈపాటికి పెద్దదై, అడిగిన సంగతే మరిచిపోయి ఉంటుంది. ఇన్నేళ్ళ తర్వాత ఆ ప్రశ్నకు జవాబు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను.