పెత్రమాస నాటి గేటు

ఎల్బీనగర్ దగ్గర కొత్త కాలనీలో మిత్రుడు ప్రసాదు ఇల్లు కట్టుకున్న ఏడాది, ఆఫీసు పని మీద విశాఖ నుంచి వెళ్లి అతని వరండాలో కూర్చున్నాను. మూడు రోజుల సెలవులకు ప్రసాదు వాళ్లు మా ఊరు వస్తామన్నారు. సింహాచలం, భీమిలి, సాయంత్రాలు బీచి అంటూ కాగితం మీద రాస్తున్నాను.

గేటు దగ్గరికి ఒక ముసలి రైతు వచ్చాడు. ఈ స్థలమంతా ఒకప్పుడు అతని పొలమేనట.

"ఎల్లుండి పెత్రమాస సార్. జర గేటు తీసుంచుండ్రి. మా ముసల్దానికి బువ్వ పెట్టిపోత."

ఇక్కడ చనిపోయినవాళ్లను సొంత పొలంలోనే పూడ్చి, పితృ అమావాస్యకు అక్కడికే అన్నం తెస్తారని నాకప్పుడే తెలిసింది.

"ఎక్కడండీ?" అన్నాను.

"మీరు కూసున్న కాడనే."

చప్పున లేచి నిలబడ్డాను. ప్రసాదు లోపలికి వెళ్లి తాళంచెవి తెచ్చాడు.

"మాకెవరూ చెప్పలేదండీ. ఆ రోజు మేం ఊళ్లో ఉండం. ఇదిగో, తాళంచెవి ఉంచుకోండి."

ముసలాయన తాళంచెవిని చూశాడు గానీ చెయ్యి చాచలేదు.

"నా పొలంలకు నేనొచ్చెటందుకు తాళంచెవి ఏంది సార్? గోడ అవుతల్నే పెట్టిపోత."

అతను వెళ్లాక ప్రసాదు రెండు కుర్చీలూ ఎత్తి లోపల పెట్టాడు. భీమిలికి ఏ రోజు వెళ్లాలో నేనిక ఆ కాగితం మీద రాయనే లేదు.