ఆమెన్‌తో మొదలైన పాఠం

ఆ రోజుల్లో నేను ఏ పనైనా డైరీలోనే మొదలుపెట్టేదాన్ని. ‘రేపటినుంచి నలుగురిలో ధైర్యంగా మాట్లాడాలి’ అని ఎన్ని పేజీల్లో రాసుకున్నానో! (డైరీలో నేను గొప్ప వక్తను.) బీఈడీ అయ్యాక ఏడాదిపాటు ఇంట్లోనే కూర్చున్న నన్ను నాన్న అల్లూరు దగ్గర ఒక చిన్న మిషన్ బడికి తీసుకెళ్లాడు. అక్కడ తెలుగు టీచరు కావాలట, ఒక్క పాఠం చెప్పి చూపిస్తే చాలట. అది కుదరకపోతే మామయ్య రొయ్యల మేత కొట్లో కూర్చుని రోజంతా ఫోన్లు ఎత్తాలి. ఆ తలపుకే నాకు చెమటలు పట్టేవి. “భయపడబాకమ్మా, నోరు తెరిస్తే అదే వస్తాది” అని గేటు దగ్గర నాన్న ధైర్యం చెప్పాడు.

నాకిచ్చిన పాఠం, పని మొదలవడాన్ని తెలిపే క్రియలు. బోర్డు మీద ‘పూనుకొను, ఉపక్రమించు, ఆరంభించు’ అని ముచ్చటగా రాసి ఇటు తిరిగాను. నలభై జతల కళ్లు, వెనక బెంచీలో హెడ్మాస్టరుగారు. అంతే. తల దించుకుని, చేతులు కట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని నిలబడిపోయాను. ఇక మేత కొట్టే గతి అనుకుంటూ ఒక కన్ను తెరిచి చూస్తే, తరగతి మొత్తం తలలు వంచి కళ్లు మూసుకుని ఉంది. హెడ్మాస్టరుగారు కూడా! (ఆ బడిలో టీచరు ప్రార్థన చేశాకే పాఠం మొదలవుతుందని మా ఇంట్లో ఎవరికి తెలుసు?)

ముందు బెంచీ పిల్ల కళ్లు తెరవకుండానే గుసగుసలాడింది. “మిస్, మెడ నొప్పి పుడతా ఉండాది. ఆమెన్ అనండి మిస్.”

“ఆమెన్” అన్నాను. నలభై గొంతులు “ఆమెన్” అన్నాయి. నా గొంతు పనిచేస్తోందని అప్పుడే తెలిసింది. ఇక ఆగలేదు. ‘ఆరంభించు’తో వాక్యం చెప్పమంటే ఆ పిల్లే లేచింది.

“మా అవ్వ పొద్దున్నే తిట్టనారంభించింది మిస్.”

“తర్వాత?”

“ఇంకా ఆపలా మిస్.”

అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

గంట కొట్టాక హెడ్మాస్టరుగారు దగ్గరికొచ్చారు. “మావోళ్లు ప్రార్థన రెండు ముక్కల్లో ముగించేస్తారు. నీకున్న భక్తి నేను యాడా చూళ్లేదమ్మా. సోమవారం నించి రా” అన్నారు. నిజం చెబుదామని నోరు తెరిస్తే “థాంక్యూ సార్” అని వచ్చింది.

ఇప్పుడు క్లాసులో నా నోరు మూయించడం ఎవరి తరమూ కావడం లేదు. హెడ్మాస్టరుగారికి మాత్రం ఆ నిజం ఇంకా చెప్పలేదు. చెబుదామనుకున్నప్పుడల్లా ఆ రోజు బోర్డు ముందు కళ్లు మూసుకుని నిలబడ్డ నాలోని పిచ్చిపిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. అంతసేపూ అది లోపల ‘దేవుడా, ఒక్క మాట రానీ, ఒక్క మాట రానీ’ అనుకుంటూనే ఉంది మరి. అది ప్రార్థన కాదని ఆయనకు ఏ మొహంతో చెప్పను?