ఒక్క మెతుకు పట్టి చూసిన సెక్రటరీ

మా చర్చి కప్పు మీది బెంగుళూరు పెంకులను మీరు చూశారా? చూడకపోతే మీ జన్మలో ఒక లోటు ఉన్నట్టే. నెక్కొండ స్టేషన్లో దిగి రెండు కోసులు నడవండి, ఎవరినడిగినా చూపిస్తారు. ఆ కప్పును లేపింది నేను. ఒంటి చేత్తో.

సరే, ఒంటి చేత్తో కాదు. నిజం చెప్పాలంటే నా చెయ్యి పడకుండా ఉంటే ఇంకా సులువుగా లేచేది. నూట అరవై మందిని ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఖాళీ ఆకుల ముందు కూర్చోబెట్టి, ఒక పాస్టరు గారి గొంతు పోగొట్టి, ఒక పెద్దమ్మ చేత గరిటెతో తరిమించుకున్నాను. ఆ కప్పుకు నేను చేసిన సాయం అంత గొప్పది.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. సుబేదారిలో ఒక సర్కారు దఫ్తరులో ఏడాదిపాటు కాగితాలకు నకళ్ళు రాసి, లోకంలోని సమస్త జ్ఞానమూ వంటబట్టిందని నిర్ధారణ చేసుకుని, ఆ ఊరి మిషను బడికి మాస్టరుగా వెళ్ళాను. ఊరు మొత్తం మీద చొక్కా గుండీలన్నీ పెట్టుకునేవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకే కాబోలు, ఆరు నెలలు తిరక్కుండానే సంఘానికి సెక్రటరీని చేశారు. జీతం పన్నెండు రూపాయలైనా పొగరు మాత్రం తాలూక్‌దారు స్థాయిలో ఉండేది.

ఆ సంఘంలో ఒక ఆచారం ఉండేది. ఆడవాళ్ళు పూటపూటా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి దేవుడి పేరిట పక్కన పెట్టేవాళ్ళు. ఇంట్లో ఏది ఉంటే అది. సన్నబియ్యం వండుకునే ఇల్లు సన్నబియ్యం, నూకలు కాచుకునే ఇల్లు నూకలు, గటక తప్ప మరొకటి ఎరగని ఇల్లు జొన్నలు. ఆదివారం వాటిని కొంగున ముడేసుకొచ్చి దావీదు తాత ముందు పోసేవాళ్ళు.

దావీదు తాతకు డెబ్భై ఏళ్ళు. చదువు రాదు. వచ్చిన గింజను వేళ్ళ మధ్య నలిపి, ఒకటి పంటికింద వేసుకుని, "ఇవి నిరుటియి. ఇవి కొత్తయి, దొడ్డయి" అని గొణుక్కుంటూ చర్చి వెనక గదిలోని తొమ్మిది కుండల్లో దేన్ని ఎందులో పోయాలో అందులో పోసేవాడు. కుండల మీద రాత లేదు, గుర్తు లేదు. ఒకటి సగం, ఒకటి పావు, ఒకదాని అడుగున నాలుగు గింజలు. దఫ్తరు చూసొచ్చిన కళ్ళకు ఆ గది ఎలా కనిపించి ఉంటుందో మీరే ఆలోచించండి!

తాత సంతకు వెళ్ళిన రోజు చూసి, పెద్ద వెదురు గుమ్మి ఒకటి తెప్పించి, తొమ్మిది కుండలూ అందులో బోర్లించాను. మోచేతుల దాకా చేతులు పెట్టి కలిపాను. ఊరికే కలిపానా? కీర్తన పాడుతూ కలిపాను. తర్వాత ఒక అట్ట మీద ముత్యాల్లాంటి అక్షరాలతో "సంఘ ధాన్యము" అని రాసి గుమ్మికి వేలాడదీశాను.

సాయంత్రం తాత వచ్చాడు.

"నా కుండలేవి?"

"కడిగి బోర్లించిన తాతా. ఇగ నీకు తిప్పల్లేదు. అంత ఒక్క తాననే ఉన్నది."

తాత గుమ్మిలోంచి పిడికెడు తీసి, అరచేతిలో పరిచి, వేలితో అటూ ఇటూ జరిపి చూశాడు.

"ఎంత పని జేసినవ్ బిడ్డా."

"ఏమైంది తాతా? బియ్యం బియ్యమే గదా!"

"అవ్ బిడ్డా. మనుషులు గుడ మనుషులే. నువ్వూ నేనూ ఒక్క తీరున్నమా?"

కర్ర తీసుకుని వెళ్ళిపోయాడు. నాలుగు ఆదివారాలు నాతో మాట్లాడలేదు. చదువున్నవాణ్ణి చూస్తే చదువు లేనివాడికి ఓర్వలేనితనం, అనుకున్నాను. అవును, అలాగే అనుకున్నాను. ముందే చెప్పాను కదా, నాకు ఇరవై రెండేళ్ళని.

ఇంతలో కప్పు సంగతి ముంచుకొచ్చింది. అప్పుడు మా చర్చిది గడ్డి కప్పు. కిందటి వానలకు వెనకగోడ నాని ఒరిగింది. ఇంకొక వానాకాలం ఈ కప్పు కింద ఆగదు, కూలుతుందని మేస్త్రీ తేల్చేశాడు. పెంకులేమో నెక్కొండలో ఒక షావుకారు కొట్టంలో ఉన్నాయి. సోమవారం నాటికి సగం పైకం పట్టుకురాకపోతే వేరేవాళ్ళకు ఇచ్చేస్తానన్నాడు. మృగశిర మూడు వారాల్లో ఉంది. అందుకని ఆదివారం విందు పెట్టి, చుట్టుపక్కల సంఘాలకూ రైల్వే వాళ్ళకూ టికెట్లు అమ్ముదామని తీర్మానించాం. కూరకు రెండు యాటలను దాతలు ఇచ్చారు. కానీ అవి యుద్ధం రోజులు, బజార్లో బియ్యం కనబడటమే గగనం. అందరూ నా వైపు చూశారు.

"ఫికర్ చెయ్యకుండ్రి! గుమ్మి నిండుగున్నది" అని లేచి నిలబడ్డాను.

చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లు నాకింకా వినిపిస్తుంటాయి, ముఖ్యంగా అజీర్తి చేసినప్పుడు.

వంటకు ఎస్తేరమ్మ పెద్దమ్మ పూనుకుంది. ఆమె చేతిలో గరిటె అంటే కొత్వాలు చేతిలో లాఠీయే. ఆదివారం పొద్దున్న బియ్యం కడుగుతూనే కేకేసింది.

"ఓ మాస్టరూ! ఇండ్ల జొన్నలున్నయ్, కొర్రలున్నయ్, నూకలేమో నీళ్ళల్ల కొట్టుకపోతున్నయ్. ఏం బియ్యమయ్యా ఇవి?"

"అరవై ఇండ్ల బియ్యం పెద్దమ్మా. ఐక్యత!"

"నీ ఐక్యత పొయ్యి మీద తెలుస్తది గని, నేను సన్నమంట మీద మెల్లగ మగ్గబెడ్త. జెర కూర దిక్కు పోయొస్త. నువ్వీడ నిలబడు. ఏం ముట్టకు. ఉత్తగ నిలబడు."

ఉత్తగా నిలబడటమా! సెక్రటరీయా! డేగిశా తుకతుక ఉడుకుతోంది. కూర వాసన మూడూళ్ళ కుక్కల్ని పోగుచేసింది. పందిట్లో జనం అప్పుడే ఆకులు కడుక్కుంటున్నారు. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి అన్నమంతా పిసికి చూడాలా, ఒక్క మెతుకు చాలదూ? మా అమ్మమ్మ చెప్పిన మాట, తెలుగువాళ్ళంతా నమ్మిన మాట! గరిటె ముంచి, పైన తేలుతున్న ఒకే ఒక్క మెతుకును తీసి రెండు వేళ్ళతో నొక్కాను. వెన్నలా నలిగింది.

"వార్చుండ్రి!" అన్నాను.

నలుగురు పడుచువాళ్ళు డేగిశా వంచి గంజంతా వార్చేశారు.

ఆ మెతుకు కొత్త బియ్యానిదని నాకెలా తెలుస్తుంది చెప్పండి? దాని నుదుటి మీదేమైనా రాసి ఉందా?

మొదటి ఆకు నా చేతులతోనే తీసుకెళ్ళి ఖాన్ సాబ్ ముందు పెట్టాను. రైల్వేలో గార్డు పని చేసి దిగిపోయిన పెద్దమనిషి, అందరికంటే ముందు టికెట్ కొన్నాడు. యాటలను కోసింది ముల్లా సాబే కాబట్టి నిశ్చింతగా ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. కటుక్కుమంది. నాలుగు వరసల అవతలికి వినిపించింది.

"మాస్టర్ సాబ్, రాళ్ళు ఏరలేదా?"

"రాయి గాదు సాబ్. జొన్న."

"పర్వాలేదు. పన్ను గుడ పాతదే" అన్నాడు, దవడ పట్టుకుని.

వెనక్కి పరుగెత్తాను. ఎస్తేరమ్మ పెద్దమ్మ అప్పటికే డేగిశాలో గరిటె తిప్పి చూస్తోంది. అడుగున నూకలు బంక, నడుమ కొత్త బియ్యం ముద్ద, దాని మీద పాత బియ్యం పలుకు, మధ్య మధ్య జొన్నలు గులకరాళ్ళు.

"ఎవడు వార్చమన్నడు?"

"ఒక్క మెతుకు పట్టి చూసిన పెద్దమ్మా..."

"ఒక్క మెతుకా! అరవై ఇండ్ల బియ్యానికి ఒక్క మెతుకా!"

ఆమె గరిటె ఎత్తింది. నేను చర్చి చుట్టూ రెండుసార్లు తిరిగాను. ప్రదక్షిణాలు మా మతంలో లేవు. ఆ రోజు ఉన్నాయి. పదిమంది చేతిలో పాము చావదన్న పెద్దలు, అరవై ఇళ్ళ గింజలు ఒక్క డేగిశాలో ఉడకవని కూడా ఒక సామెత చేసి పెట్టి ఉంటే వాళ్ళ సొమ్మేం పోయేది?

మూడో చుట్టులో పందిట్లో దూరాను. అక్కడ దావీదు తాత ఆకు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాడు.

"తాతా."

"టికెట్ కొన్న. కూసున్న. అన్నం దేర్రి."

"తాతా, నా ఇజ్జత్ పోతాంది."

"నీ ఇజ్జత్ పోతే మల్ల వస్తది. జనం పైసలు వాపస్ అడిగితే పెంకులు మల్ల రావు" అని లేచాడు.

డేగిశా దగ్గరికొచ్చి, వాసన చూసి, కాస్త నోట్లో వేసుకుని నవ్వాడు. నాలుగు వారాల తర్వాత ఆ మొహంలో నవ్వు.

"గిది అన్నం గాదు బిడ్డా, మన సంఘమే. కొందరు ఎప్పుడో మెత్తబడ్డరు. కొందరు ఎంత మంట పెట్టినా ఉడకరు. గంజి పారబోసిండ్రా?"

"లేదు తాతా, బర్రెలకని గోళెంల పోసినం."

"అది తే. యాటల బొక్కలుడికిన చారు తే. ఎస్తేరమ్మా, కూర గుడ ఇండ్లనే పొయ్యి. రోకండ్లు దెప్పియ్యి. మెత్తదాన్ని మల్ల గట్టిజెయ్యలేం గని, గట్టిదాన్ని మెత్తజెయ్యొచ్చు. గంటన్నర పడ్తది. మాస్టరూ, నువ్వు పోయి జనాన్ని ఆపు."

జనాన్ని ఆపగలిగినవాడు ఒక్కడే ఉన్నాడు. పాస్టరు అయ్యగారి దగ్గరికి పోయి చేతులు కట్టుకున్నాను.

"అయ్యగారూ, ఇంకో గంటన్నర ప్రసంగం చెప్పాలె."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మాస్టరూ, ఈ సేవలో పద్దెనిమిదేళ్ళున్నాను. ప్రసంగం పెంచమని అడిగినవాడివి నువ్వొక్కడివే" అన్నారు. కళ్ళజోడు మళ్ళీ తగిలించుకుని లేచారు.

సృష్టి దగ్గర మొదలుపెట్టారు. ఇక్కడ మేం నలుగురం డేగిశా చుట్టూ నిలబడి రోకళ్ళు వేస్తున్నాం. అక్కడ జలప్రళయం వచ్చేసరికి ఇక్కడ కొర్రలు లొంగాయి. ఎర్రసముద్రం పాయలయ్యేసరికి పాత బియ్యం దారికొచ్చింది. జొన్నలు మాత్రం హృదయం కఠినపరచుకుని యెరికో గోడలు కూలేదాకా మొండికేశాయి. అవి కూలేసరికి అయ్యగారి గొంతు కూడా కూలింది. మరి నాలుగు రోజులు ఆయన సైగలతోనే ఆశీర్వదించారు.

వడ్డించాం. నేను ఒక గుంజ చాటున నిలబడి ఖాన్ సాబ్ దవడనే చూస్తున్నాను. ఒక ముద్ద. రెండో ముద్ద.

"అరే వాహ్! హలీం జేసిండ్రు గదా! మా పండుగకు గిట్లనే కొడ్తరు. మరి ఇందాక పచ్చి గింజలెందుకు పెట్టినవ్ మాస్టర్ సాబ్?"

గుంజ చాటునుంచి బయటికొచ్చి చొక్కా సర్దుకున్నాను. "ఏమేమి ఏసినమో ముందుగాల చూపెడ్దామని సాబ్."

ఆయన నవ్వి, జేబులోంచి చిల్లర తీసి రెండో టికెట్ అడిగాడు. ఆయన్ని చూసి ఆ వరసంతా అడిగింది. ఆడవాళ్ళ వైపు ఇంకో సందడి. "గీ కొర్రలు మా ఇంటియే!" అని ఒకావిడ, "సన్నబియ్యం వాసన జూడు, మాయి!" అని ఇంకొకావిడ. జొన్నలు తెచ్చే ముసలావిడ ఒకతె ఉండేది. ప్రతి ఆదివారం అందరూ వెళ్ళాక, కొంగు అడ్డం పెట్టుకుని, ఎవరికీ కనబడకుండా పోసి పోయేది. ఆ రోజు నిటారుగా కూర్చుని, "మా జొన్నలు పడకుంటే గీ రుచి యాడికెళ్ళి వస్తది?" అని పందిరంతా వినబడేలా అంది. నా జీవితంలో నేను చేసిన పొరపాట్లలో మరొక్కటి కూడా అంత గొప్పగా కుదరలేదు. ఇది మాత్రం గొప్పలు కాదు.

డేగిశా అడుగు గీకి మరీ అమ్మాం. సోమవారం తెల్లారేసరికి పైకం మూటతో, నాలుగు బండ్లతో షావుకారు కొట్టం ముందున్నాను. తాత ఊళ్ళోనే ఉండి తన తొమ్మిది కుండలను మళ్ళీ వరసగా పెట్టుకుంటున్నాడు. ఈసారి నేనే సున్నం కొట్టి ఇచ్చాను.

"పెంకులు చూసుకోండి మాస్టరు గారూ" అన్నాడు షావుకారు.

కుప్ప మీది పెంకు ఒకటి తీసి వేలి కణుపుతో కొట్టాను. చర్చి గంటలా ఖంగుమంది.

"అన్ని మంచిగున్నయ్. ఎత్తుండ్రి!" అన్నాను.

మీరు ఇప్పుడు తల పట్టుకున్నారు కదూ? నేను పట్టుకోలేదు. సంతకం పెట్టి బండెక్కాను.

మృగశిర వాన ఆదివారమే పడింది, సరిగ్గా ఆరాధన వేళకు. కొత్త కప్పు కింద జనమంతా తలలెత్తి చూస్తున్నారు. గోడ పొడి. బల్ల పొడి. ఆడవాళ్ళ వైపు పొడి, మగవాళ్ళ వైపు పొడి. అయ్యగారు గొడుగు లేకుండా రెండు చేతులూ చాపి ప్రార్థన చేస్తుంటే ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. నేను సెక్రటరీ కుర్చీలో కూర్చుని ఛాతీ మూడంగుళాలు పెంచాను.

టప్.

నడినెత్తిన ఒక చుక్క. కాస్త ఆగి ఇంకొకటి. అంత పెద్ద కప్పులో నెర్రె ఇచ్చిన పెంకు ఒకే ఒక్కటి ఉంది. అది ఎవరి కుర్చీ మీదికి రావాలో దానికి తెలుసు.

దావీదు తాత పైకి చూశాడు, నా తల చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"మాస్టరూ, షావుకారు తాన ఎన్ని పెంకులు కొట్టి చూసినవ్?"

"...ఒక్కటి."

ఎస్తేరమ్మ పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అయ్యగారు ప్రార్థన మధ్యలో ఆపి నవ్వారు. ఆ నవ్వుకు కూలకపోవడమే కొత్త కప్పు గట్టితనానికి రుజువు.

అప్పుడే లేచి నిలబడి, తడిసిన తలతో, కుడిచెయ్యి పైకెత్తి, నిండు సంఘం ఎదుట ప్రమాణం చేశాను. ఈ ఊపిరి ఉన్నంతకాలం ఒక్క మెతుకు పట్టి అన్నం సంగతీ, ఒక్క పెంకు కొట్టి కప్పు సంగతీ, ఒక్క మాట విని మనిషి సంగతీ తేల్చనని.

టప్, అని మూడో చుక్క నా ముక్కు మీద పడింది.

"ఆమెన్" అన్నాడు దావీదు తాత.