మూడో తరగతిలో గొణుగు పువ్వు

ఆ రోజులు మరీ పాతవేమీ కావు, ఏడేళ్ల కిందటివే. అయినా ఎప్పుడు తలుచుకున్నా సగం నిద్రలో విన్న పాటలా ఉంటాయి. నాంపల్లి స్టేషన్‌కి దగ్గరగా ఒక సందులో, రెండంతస్తుల పాత ఇంట్లో నడిచే చిన్న బడి. మేడ మీద మూడో తరగతి. కిటికీలోంచి వచ్చే ఎండ బెంచీల మీద పడి మెల్లగా ఒక వరస నుంచి ఇంకో వరసకి నడుస్తూ ఉండేది. ఉన్నట్టుండి స్టేషన్ మైకు ఏదో రైలు వస్తోందని చెప్పేది. పిల్లలు ఎక్కాలు ఆపి, అది ఏ ప్లాట్‌ఫామో శ్రద్ధగా విని, మళ్లీ ఏడు మూళ్ల దగ్గర అందుకునేవారు. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. మొదటి ఉద్యోగం. రోజులో సగం పాఠం చెప్పడం, సగం కిటికీలోంచి చూడడం నా పని. (రెండోది నాకు బాగా వచ్చు.)

ఇంటర్వ్యూలో మా పెద్ద మేడం ఒక్కటే ప్రశ్న అడిగింది. "కంప్యూటర్, డిజిటల్ క్లాసు, గివన్నీ వస్తయా నీకు?" నేను తడుముకోకుండా "అన్నీ వచ్చండీ" అన్నాను. నిజానికి నాకు వచ్చిందల్లా ఫోన్‌లో వీడియోలు చూడడం. ఆ అబద్ధం నా మెడకే చుట్టుకుంటుందని అప్పుడు తెలియదు. నేను చేరిన మూడో నెలలో, గోడంత వెడల్పున్న డిజిటల్ బోర్డు ఒకటి నలుగురు మనుషుల భుజాల మీద మెట్లెక్కి మా తరగతికి వచ్చింది. అబిడ్స్‌లో పెద్ద బడులు ప్రతి గదికీ ఇలాంటివి పెట్టాయనీ, మన పిల్లల్ని తల్లిదండ్రులు అక్కడికి మార్చేస్తారేమోననీ పెద్ద మేడంకి దిగులు. "దసరా సెలవులకు ముందు బతుకమ్మ ప్రోగ్రాం. పేరెంట్స్ అందరు వస్తరు. మన సంస్కృతి, మన డిజిటల్, రెండు కలిపి చూపియ్యాలె. నీ నౌకరి పక్కా చేసుడు అటెన్క మాట్లాడుదం" అంది. పిల్లలు మాత్రం దాన్ని టీవీ అనే పిలిచేవారు. ఎన్నిసార్లు దిద్దినా టీవీయే.

ఆ తెర మీద మైకు బొమ్మ ఒకటుందని ఒక మధ్యాహ్నం పొరపాటున కనిపెట్టాను. దాన్ని నొక్కి, బోర్డుతో పాటు వచ్చిన చేతి మైకులో మాట్లాడితే మన మాట అక్షరాలై తెర మీద పడుతుంది. "నా పేరు టీచర్" అన్నాను. పడింది. పిల్లలు నోళ్లు తెరిచారు. (నేనూ తెరిచాను కానీ వెంటనే మూసేసుకున్నాను, అన్నీ వచ్చినదాన్ని కదా.) ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఎంత దూరం ఊహించుకున్నానో చెప్పలేను. ఇళ్లల్లో ఉన్న పెద్దవాళ్లంతా మా తరగతికి వచ్చి, తమ ఊళ్ల మాటలన్నీ తెరకి చెబుతారు. అవి పుస్తకమవుతాయి. నా మెడలో దండ పడుతుంది. దండలో ఏ పూలుండాలో ఆలోచిస్తుండగా మా హిమాయత్‌నగర్ స్టాపు దాటిపోయింది. నారాయణగూడలో దిగి వెనక్కి నడిచాను.

మర్నాడు పిల్లలతో, బతుకమ్మ గురించి చెప్పగల పెద్దవాళ్లెవరినైనా తీసుకురమ్మన్నాను. అందరి అమ్మానాన్నలకీ పనులే. మిగిలింది ‘ఔ పాప’ వాళ్ల నాన్నమ్మ. ఔ పాప అంటే మూడో బెంచీలో కూర్చునే రెండు జడల పిల్ల. ఏం అడిగినా "ఔ టీచర్" అనడం వల్ల తరగతంతా కలిసి పెట్టిన పేరది. వాళ్ల నాన్నమ్మని ఇంట్లో బాపమ్మ అంటారు. మెదక్ వైపు పల్లె నుంచి కొడుకు దగ్గరికి వచ్చి ఏడాదయింది. ప్రోగ్రాంకి మూడు రోజుల ముందు, ఉతికిన చీర కట్టుకుని, మెట్లు ఒక్కొక్కటే ఎక్కి వచ్చింది. పిల్లల బెంచీలో ఒదిగి కూర్చుంది. నేను మా ఇంటి అలవాటు కొద్దీ "రండి మామ్మగారూ" అన్నాను. (మా తాతలది గుంటూరు వైపు. హైదరాబాద్ వచ్చి ఎన్నేళ్లయినా ఇంట్లో మాట మారలేదు.)

"మామ్మ అంటే ఏందే?" అని మనవరాలిని మెల్లగా అడిగింది. "నువ్వే" అంది ఆ పిల్ల.

బొమ్మ నొక్కి మైకు చేతికిచ్చాను. బాపమ్మ గొంతు సవరించుకుని, "ముందుగాల గునుగు పువ్వు గోస్కరావాలె" అంది. తెర క్షణం ఆలోచించి రాసింది: ‘ముందు కాలు గొణుగు పువ్వు కోసం రావాలి.’ పిల్లలు పైకి చదివి పడీ పడీ నవ్వారు. "తంగేడు పువ్వు" అంటే ‘తన గోడు పువ్వు’ అని రాసింది. నైవేద్యాల సంగతికి వచ్చి, నువ్వులతో చేసే అన్నం పేరు, "నువ్వుల సద్ది" అని చెప్పింది. తెర మీద పెద్ద అక్షరాలు పడ్డాయి: ‘నువ్వు సర్దు.’

"ఏందంటది?" అంది బాపమ్మ, చదువు రాదు కనక.

"నిన్ను సర్దుమంటుంది బాపమ్మా!"

"ఇంకేం సర్దాలె? పొద్దుగాల లేసినకాడికెంచి ఇంట్ల సర్దుతనే ఉన్న గదా!"

అందరం నవ్వాం, బాపమ్మ కూడా. అక్కడితో ఆపి ఉంటే ఎంత బాగుండేది! నా కళ్ల ముందు తల్లిదండ్రులు, పెద్ద మేడం, పక్కా కాని ఉద్యోగం కనిపించాయి. "మామ్మగారూ, ‘గోస్కరావాలె’ కాదండీ, ‘కోసుకు రావాలి’ అనండి. ‘పేర్చాలె’ కాదు, ‘పేర్చాలి’. కొంచెం స్పష్టంగా" అన్నాను. ఆవిడ ప్రయత్నించింది. మళ్లీ అనమన్నాను. మళ్లీ. ఒక్కోసారికీ ఆ గొంతు కాస్త కాస్త తగ్గిపోయింది. పిల్లల నవ్వు కూడా ఆగిపోయింది. చివరికి మైకుని బెంచీ మీద పెట్టి, "నా నోరు దీనికి పనికిరాదు బిడ్డా" అని లేచింది. నేను మెట్ల దాకా వెళ్లి సాగనంపాను, చాలా మర్యాదగా. ఇప్పుడు తలుచుకుంటే ఆ మర్యాదే ఎక్కువ సిగ్గుగా ఉంటుంది.

మర్నాడు "బాపమ్మ ప్రోగ్రాంకి వస్తుంది కదా?" అని ఔ పాపని అడిగాను. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. "రాదు టీచర్. బాపమ్మకు మాట్లాడరాదంట." తరగతి మొత్తం నా వంక చూసింది. ఔ పాప నోట ‘రాదు’ వినడం అందరికీ అదే మొదలు.

పెద్ద మేడం తేలిగ్గా తీసుకుంది. "ఆమె రాకుంటె ఫికర్ ఏంది? నువ్వే చెప్పు. నీ మాట దానికి తెలుస్తది గదా." నిజమే. కాగితం మీద రాసుకుని చదివాను. తెర ఒక్క తప్పూ లేకుండా రాసింది. గునుగు పువ్వుని గునుగు పువ్వనే రాసింది. హాయిగా ఊపిరి పీల్చుకోబోతుంటే ముందు బెంచీ పిల్లవాడు చెయ్యెత్తాడు. "టీచర్, గునుగుకు రంగు కోసినంక వేస్తరా, పేర్చేటప్పుడు వేస్తరా?" నాకు తెలియదు. అసలు గునుగు పువ్వుని నేను దగ్గరగా చూసింది లేదు.

సాయంత్రం బడి వదిలాక ఔ పాప వెనకాలే వాళ్లింటికి నడిచాను. సందు తిరిగి, కుట్టుమిషన్ల చప్పుడు దాటి, ఇరుకు మెట్లెక్కితే డాబా. అక్కడ ఇంకా ఎండ ఉంది. బాపమ్మ చాప మీద కూర్చుని, తెల్లటి గునుగు కట్టల్ని ఒక్కొక్కటిగా రంగునీళ్లలో ముంచి తీసి వరసగా ఆరబెడుతోంది. గులాబీ, ఊదా, ఆకుపచ్చ. కింద నగరం హారన్లు కొడుతోంది. డాబా మీద మాత్రం గడ్డివాసన, తడివాసన, ఎక్కడికో తీసుకుపోయే నిశ్శబ్దం. ఎందుకొచ్చానో కాసేపు మరిచిపోయి నిలబడ్డాను. తర్వాత గుర్తొచ్చి, "నన్ను క్షమించండి మామ్మగారూ" అన్నాను.

"గంత పెద్ద మాట ఎందుకు బిడ్డా? జర ఆ కట్ట అందుకో."

అందుకున్నాను. ముంచమంటే ముంచాను. వేళ్లు గులాబీ రంగుకి తిరిగాయి. నాలుగో కట్ట దగ్గర ధైర్యం తెచ్చుకుని, "మీరు మీలాగే మాట్లాడండి. అది తప్పు రాస్తే రాసుకోనివ్వండి. వస్తారా?" అన్నాను. బాపమ్మ ఇంకో కట్ట ముంచి తీసి చాప పక్కన ఆరబెట్టింది. "అది ఊరు చూసిందా, చేను చూసిందా? కొత్త కోడలు లెక్క, నాలుగు దినాలు మన ఇంట్ల ఉంటె నేర్సుకుంటది. దానికి ఎవలన్న చెప్పాలె" అంది. తర్వాత నన్ను చూసి, "నువ్వు సుత నేర్సుకుంటవు తీ" అని కట్ట సరిగ్గా పట్టుకోవడం చూపించింది.

ప్రోగ్రాం రోజు మేడ మీద గది నిండిపోయింది. పెద్ద మేడం పట్టుచీరలో ముందు కుర్చీలో కూర్చుంది. నేను పిల్లలకి ముందే చెప్పాను: "తెర మన తరగతిలో కొత్తగా చేరిన పిల్ల. తెలుగు సరిగా రాదు. తప్పు రాస్తే మీరు నేర్పాలి." బాపమ్మ మైకు పట్టుకుని, ఈసారి గొంతు సవరించుకోకుండానే మొదలుపెట్టింది. తెర ‘గొణుగు పువ్వు’ అనగానే ఇరవై ఎనిమిది గొంతులు "తప్పూ!" అన్నాయి. ఔ పాప వెళ్లి ‘గొణుగు’ని వేలితో కొట్టేసి ‘గునుగు’ అని రాసింది. ‘తన గోడు’ రాగానే ఇంకొకడు పరిగెత్తాడు. నాకు సంబరంగా ఉంది. పెద్ద మేడంకి మాత్రం తన కొత్త బోర్డు నలుగురిలో తప్పులు రాయడమే కనిపించింది. గబగబా నా పక్కకి వచ్చి, పళ్లు బిగబట్టి గుసగుసగా ఏదో అంది. ఆ పక్కనే బాపమ్మ చేతిలో మైకు ఉంది.

తెర ఒక్క అక్షరం తప్పు లేకుండా, గోడంత వెడల్పున రాసింది: ‘గిదేంది టీచరమ్మ బంద్ చెయ్ ఇజ్జత్ పోతది.’

పిల్లలు అలవాటు కొద్దీ ఒక్క గొంతుతో పైకి చదివేశారు. నేను నా ఉద్యోగానికి మనసులోనే నమస్కారం పెట్టేశాను. అప్పుడు బాపమ్మ తెర వైపు చూసి, తాపీగా అంది: "మేడం మాట మంచిగ ఇంటున్నది. భయమున్నది దానికి."

ముందు నవ్వింది వెనక వరసలో ఎవరో తండ్రి. తర్వాత గది మొత్తం. పెద్ద మేడం ఎర్రబడి, పెదవులు బిగించి, ఇక ఆపుకోలేక పట్టుకొంగు మొహానికి అడ్డం పెట్టుకుని కుర్చీలో కూలబడి నవ్వింది. ఆ తర్వాత తల్లులు ఒక్కొక్కరే వచ్చి మైకు అడిగారు. ఒకావిడ తన ఊళ్లో రొట్టె, బెల్లం కలిపి చేసే మలీద ముద్దల పేరు చెప్పింది, ఒకావిడ మా గుంటూరు వైపు మాటలోనే అట్లతద్ది గురించి చెప్పింది. తెర అన్నింటినీ ఏదో ఒకటి చేసింది. పిల్లలు అన్నింటినీ దిద్దారు. తమ పిల్లల్ని ఎవరూ వేరే బడికి మార్చలేదు. నా ఉద్యోగం పక్కా అయింది, "మూతి మీద వేలేసుకుని మైకు దగ్గర నిలబడాలె ఇగ" అన్న పెద్ద మేడం నిట్టూర్పుతో సహా.

చివర్లో బెంచీలు గోడకి జరిపి, బాపమ్మ పేర్చిన బతుకమ్మని గది మధ్యలో పెట్టారు. అందరూ చుట్టూ తిరుగుతూ వంగి చప్పట్లు కొడుతుంటే, తెర దగ్గర ఒంటరిగా నిలబడ్డ నన్ను కూడా వరసలోకి లాగారు. నా చప్పట్లు అందరికన్నా ముందే పడిపోతున్నాయి. రెండు చుట్లు చూసి, బాపమ్మ వెనక నుంచి నా రెండు మణికట్లూ పట్టుకుంది. "ఆగు బిడ్డా, తొందరేంది?" అని, సరిగ్గా పాట వంగే చోట నా అరచేతుల్ని కలిపింది. కిటికీలోంచి ఎండ బతుకమ్మ మీదకి నడిచి వచ్చింది. ఆ కాసేపు నేను ఏ దండా ఊహించుకోలేదు.

ఇప్పుడు నేను గన్‌ఫౌండ్రీ దగ్గర ఇంకో బడిలో పని చేస్తున్నాను. ఏటా దసరా సెలవులకు ముందు బతుకమ్మ ఆడే వరసలో నిలబడతాను. వరసలో చేరే ముందు ఇరవై రెండేళ్ల ఆ పిల్ల, అన్నీ వచ్చండీ అన్న పిల్ల, ఎక్కడో నా లోపల కొంగు సర్దుకుంటుంది. పాట మొదలవుతుంది. ఇన్నేళ్లయినా మొదటి చప్పట్లు మాత్రం నావే, అందరికన్నా అర క్షణం ముందు.