కట్టేసిన ఎడం చెయ్యి

రాజమండ్రిలో నాకు కసరత్తు చేయించే ఫిజియోథెరపీ అమ్మాయి రోజూ నా ఎడం చేతికి దళసరి గుడ్డ తొడుగొకటి వేసి బిగించి కడుతుంది. అందులోంచి గంజీ ఎండా కలిసిన వాసన వస్తుంది, అది ముక్కుకి తగలగానే పక్షవాతం వచ్చి ఆర్నెల్లయిన అరవయ్యేళ్ళ నేను ఏడేళ్ళ వెధవనైపోతాను. పడిపోయింది కుడి చెయ్యి. బాగున్నదాన్ని కట్టేస్తేగాని ఆ బద్ధకిష్టిది పనిలోకి దిగదట.

పుట్టుకతో నాది ఎడంచేతి వాటం. అన్నానికి కూర్చోబెట్టే ముందు మా మామ్మ, గంజిపెట్టి ఆరేసిన పాత చీర పేలికతో నా ఎడం చేతిని నడుముకి కట్టేసేది. ఎండాకాలం, దొడ్లో మాగాయ ముక్కలు ఎండుతుంటే, పనసపొట్టు కూరలో ఆవఘాటు వీధిదాకా వస్తుంటే, కాలవలో ఈదీ ఈదీ ఆకలితో పరిగెత్తుకొచ్చిన నేను కుడి చేత్తో కలిపిన ముద్ద నోటిని వదిలేసి చెవివైపు ప్రయాణం కట్టేది. బళ్ళో మేష్టారి వైద్యం బెత్తంతో. అందుకే ఐదో క్లాసులోనే బడికి నేనూ, నాకు బడీ దణ్ణం పెట్టేసుకున్నాం.

అసలు తమాషా పెళ్ళిళ్ళలో. బంతిలో ఆఖరివాడు తినడం అయ్యేదాకా ఎవరూ లేవకూడదు, నేనేమో మెతుకు మెతుకూ ఏరుకుంటూ ఉండేవాణ్ణి. బూరెలూ నెయ్యీ లాగించేసిన పెద్దలంతా ఎండిపోయిన చేతులు విస్తట్లో పెట్టుకుని నాకేసి గుడ్లురిమేవారు.

"ఒరేయ్, నువ్వు లేచేలోపు పెళ్ళికూతురు పురిటికొచ్చేస్తుందిరా!" అనేవాడు పెదనాన్న.

"తొందరపెట్టకురా, పిల్లాడు నేర్చుకుంటున్నాడు," అనేది వడ్డిస్తున్న మామ్మ.

ఈమధ్య కొవ్వూరులో మా మేనకోడలి కూతురి పెళ్ళి కుదిరింది. "నేను కలిపి పెడతానండి, ఎవరేమనుకుంటే మనకేంటి?" అంది మా ఆవిడ. చుట్టాలందరి ముందూ పిచ్చుకపిల్లలా నోరు తెరవడం కంటే పస్తుండడం నయమనిపించింది. అందుకే పెళ్ళిలోగా నెలరోజులు ఆ ఫిజియోథెరపీ అమ్మాయి పెరుగన్నం గిన్నె ముందు పెట్టి, "ముక్కుకి కాదండి తాతగారూ, నోటికండి!" అంటూ చంపుకు తింది.

"నోరెక్కడుందో నాకు తెలుసమ్మా, చేతికే తెలీట్లేదు."

తీరా పెళ్ళికెళ్తే బంతి లేదు, విస్తరి లేదు. నిలబడి, ఒక చేత్తో పళ్ళెం పట్టుకుని రెండో చేత్తో తినాలి. తాపీగా కూచుని ఒంటి చేత్తో తినే రోజులు పోయాయి, ఆగి చూసేవాళ్ళూ పోయారు. పళ్ళెం ఎడం చేత పట్టుకుని, కుడి చేత్తో పులిహోర ముద్ద ఎత్తాను. అది వణుక్కుంటూ బయల్దేరింది.

"ఏంటండీ బాబాయ్ గారూ, ఇక్కడే ఆగిపోయారు?" వెనక వరసలోంచి ఎవరో.

"ఆగలేదయ్యా, ముద్ద దారిలో ఉంది."

సగం చొక్కా మీద పడింది, సగం నోట్లో పడింది. మా ఆవిడ చొక్కా తుడవబోతే ఆగమన్నాను. అప్పటికే రెండో ముద్ద కలుపుతున్నాను.