లోపలికి రాని రద్దీ

సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే ఆసాముల సంఘంలో లడ్డూలు పంచుతున్నారని తెలిసినప్పుడు నాకు చెమటలు పట్టాయి. వాళ్ల చీరలు అమ్మే వెబ్‌సైటును కోరుట్ల నుంచి చూసుకునేది నేనే. ఆ పొద్దున అది తెరుచుకోవడం లేదు. సర్వరు అద్దెకిచ్చిన కంపెనీ వాళ్లేమో "జనం విపరీతంగా వస్తున్నారు, పెద్ద సర్వరు తీసుకోండి" అని సంఘం పెద్దకు నేరుగా ఫోన్ చేసి చెప్పారు. తమ సాంచాల మీద నేసిన చీరలకు దేశమంతా ఎగబడుతోందని ఆయన పొంగిపోయాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! అంతటితో ఆగినా బాగుండేది. పండుగ సరుకంతా అగ్గువ ధరకు ఎత్తుకుపోదామని వచ్చిన సేటును "మా గిరాకి మాకున్నది, నువ్వు పో" అని అందరి ముందూ పంపించేశాడట.

ఇక సైటు లేవకపోతే ఆ చీరలు సాంచాల పక్కన మూలుగుతాయి. వాటిని నమ్ముకున్న ఆసాముల ఇళ్లలో పండుగ ఉండదు.

సర్వరు దగ్గరికి ఎవరొచ్చారో, ఏమడిగారో నమోదయ్యే చోట చూశాను. తలుపు కొట్టిన చప్పుళ్లు లెక్కలేనన్ని. ఒక్క చీర బొమ్మ అడిగినవాళ్లు లేరు. మన ఫోనుకూ సైటుకూ మధ్య నడిచే మాటలను బయటివాళ్లకు తెలియకుండా దాచే సాఫ్ట్‌వేర్ ఒకటుంటుంది. కొత్తగా ఎవరు కలిసినా వాళ్లకోసం అది ఒక రహస్య తాళంచెవి తయారు చేస్తుంది. అడిగేవాడికి అది ఒక్క మాట, సర్వరుకు మాత్రం బండెడు చాకిరీ. లోపలికి రాకుండానే "తాళంచెవి మార్చు, మళ్లీ మార్చు" అని అడుగుతూ పోయే వీలు ఆ సాఫ్ట్‌వేర్‌లో ఉండిపోయింది. ఎవడో ఆ లోపాన్ని పట్టుకుని ప్రోగ్రాముతో అడిగిస్తూనే ఉన్నాడు. ఎవడో ఇప్పటికీ తెలియదు.

కంపెనీకి ఫోన్ చేస్తే అవతలి మనిషి నవ్వాడు. "ట్రాఫిక్ పెరిగితే అంతే మేడం." నాకు కోపం నషాళానికంటింది. "ఒక్క పేజీ అడిగినవాణ్ని చూపించండి చూద్దాం" అన్నాను. చూపించలేకపోయాడు. తాళంచెవి మార్చమని అడిగే వీలును నేనే మూసేశాను, కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. సైటు లేచింది. జగిత్యాలలో డిగ్రీ చదివి, కోరుట్లలో ఒక సెల్ ఫోన్ల దుకాణం పైగదిలో కూర్చుని ఈ పని నేనొక్కదాన్నే చేశాను. చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు.

అసలు సంగతి ఫోనులో చెప్పేది కాదని వేములవాడ మీదుగా సిరిసిల్ల బస్సెక్కాను. సంఘం పెద్ద నా చేతిలో లడ్డూ పెట్టాడు.

"తిను బిడ్డా. నీ సైటు జనాన్ని తట్టుకోలేకపోయిందటగద!"

"జనం రాలే కాకా."

"మరి గా కంపెనోళ్లు?"

"ఆళ్లు తలుపు సప్పుడే ఇన్నరు."

చుట్టూ ఉన్న ఆసాములకు అర్థం కాలేదు. అప్పుడు మా ఇంటి సంగతితో చెప్పాను. "మా బాపు కల్లుకోసం తాళ్లెక్కుతడు. ఒగడు కింద నిలవడి కల్లు గావాలని ఒర్లిండనుకోండ్రి. బాపు మోకు ఏసుకొని ఎక్కి దిగేవరకు ఆడు ఉండడు. ఇంకో చెట్టుకాడ నిలవడి మళ్ల ఒర్లుతడు. ఒర్లేటోనికి నోరే, ఎక్కేటోనికి పాణం. నిజంగ తాగెటోడు పక్కనే కూసున్నా సుక్క దొర్కది."

అందరికీ అర్థమైంది. మా బాపు చేసే పనితో అంత చిక్కు విషయాన్ని విప్పి చెప్పగలిగానని నాకు భలే గర్వమేసింది.

సంఘం పెద్ద కాక మాత్రం లడ్డూల పళ్లెం పక్కన పెట్టేశాడు. "సేటుకు ఫోన్ జేద్దామా?" అన్నారెవరో మెల్లగా.

"పొద్దుగూకేదాక ఆగుండ్రి. ఇప్పుడు తొవ్వ సాఫైంది. కొనెటోళ్లుంటే అస్తరు" అన్నాను. పైకి అలా అన్నాను గానీ, నిజంగా ఎవరూ రాకపోతే?

మధ్యాహ్నం దాటాక ఒక ఆర్డరు వచ్చింది. ధర్మపురి నుంచి, ఒకే ఒక్క చీర. "గింత దానికి సైటెందుకు, బస్సెక్కి ఇచ్చస్తం గద!" అని ఒకాయన నవ్వాడు.

కాక నవ్వలేదు. "నిజం మనిషేనా బిడ్డా?"

"మనిషే కాకా. అన్ని చీరలు సూసిన్రు, రంగు మార్చి మార్చి సూసిన్రు, మొదలు సూసిన దాన్నే కొన్నరు."

"అయితె ఆడమనిషే" అన్నాడు, అప్పుడు నవ్వాడు. "వేలమంది అచ్చిన్రని ఆళ్లు జెప్తె సంబురపడ్డ. ఒక్కలు అచ్చిన్రని నువ్వు జెప్తె ధైర్నమచ్చింది."

ఆ సరుకు పండుగకు ముందే ఖాళీ అయిందని ఇప్పుడు చెప్పడం తేలిక. ఆ పూట వాళ్ల చేతిలో ఉన్నది మాత్రం ఆ ఒక్క ఆర్డరే. సాయంత్రం సేటే ఫోన్ చేశాడు. కాక స్పీకరు పెట్టాడు.

"మస్తు గిరాకన్నవు గద, ఎన్నచ్చినయ్?"

గదిలో అందరూ కాక వైపు చూశారు. ఆయన నా వైపు చూశాడు.

"ఒక్కటి" అన్నాడు, గొంతు తగ్గించకుండా. "నీ ధరకైతె ఇయ్యను."