మేం రాయించుకున్న గురువారం

దయ్యాలూ భూతాలూ అంటూ నా ముందు కథ మొదలెట్టినవాళ్ళెవరూ దాన్ని పూర్తిచెయ్యలేదు. నేను చెయ్యనివ్వలేదు. కాకినాడలో చరిత్రతో బి.ఏ. చదివినదాన్ని. ఆధారం చూపించమంటాను, వాళ్ళు నోరు మూసుకుంటారు. ఇప్పుడు రాయబోయేదానికి నా దగ్గరే ఆధారం లేదు. వెక్కిరించేవాళ్ళు వెక్కిరించుకోవచ్చు.

మా అత్తవారి ఊరు కోనసీమలో, ఐనవిల్లికి దగ్గర. చిన్న ఊరు. దాని పేరు నలుగురికీ తెలిసిందంటే ఒక పెద్ద కవిగారి వల్ల. ఆయన పుట్టింది ఇక్కడ కాదు. కుర్రతనంలో ఇక్కడొక పండితుడి దగ్గర చదువుకుంటూ వారాలు చేసుకున్నారు. అంటే రోజుకొక ఇంట్లో భోజనం, వారానికి ఏడిళ్ళు. ఆయన గొప్పవారై, కాలం చేశాక, “మా ఇంట్లో తిన్నాడు” అనని ఇల్లు ఊళ్ళో లేదు. అందరూ చెప్పేది నిజమైతే ఆయన రోజుకు నాలుగుసార్లు తిని ఉండాలి.

డెబ్బైల చివర్లో లైబ్రరీ ముందు ఆయన పేర ఒక రాయి నిలబెట్టాలనుకున్నారు. దాని మీద ఏడు వారాలూ, అన్నం పెట్టిన ఏడిళ్ళ పేర్లూ చెక్కించాలి. చదువుకున్నదాన్ని కదా, జాబితా రాసే పని నాకప్పగించారు. ఆరు రోజులకు పేచీ లేకుండా తేలింది. గురువారం మా ఇల్లేనన్నారు మా మామగారు. కాదు, తమ ఇల్లన్నారు వీధి చివర పెంకుటింట్లో ఒంటరిగా ఉండే సోమిదేవమ్మగారు.

“మా అత్తగారు వడ్డించేవారమ్మా. ఆయన చదువైపోయి వెళ్ళిపోయేకా కూడా గురువారం పూట ఓ మనిషి అన్నం ఎక్కువ వండేవారు. నలభై ఏళ్ళ నుంచీ నేనూ వండుతున్నాను. ఎవరొస్తే వాళ్ళకి పెడతాను.”

“అది మీ అలవాటు మామ్మగారండీ, ఆధారం కాదు. కాగితమేమైనా ఉందా?” అన్నాను.

“అన్నం పెట్టి కాగితం రాయించుకుంటారుటమ్మా?”

అందరూ నవ్వారు. నాకు రోషం వచ్చింది. ఆవిడ వయసు మీదా, మతిమరుపు మీదా అనకూడని మాటలు నాలుగు అనేశాను. మా మామగారిని మాత్రం కాగితం అడగలేదు.

ఆవిడ మెల్లిగా లేచారు. “సరేనమ్మా. గురువారం మీదేనంటే ఇక మీరే పెట్టండి.” కోపం లేదు ఆ గొంతులో. బరువు దింపుకున్నట్టు అన్నారంతే.

రాయి మీద గురువారానికి ఎదురుగా మా ఇంటిపేరు చెక్కారు. ఆ తర్వాత వచ్చిన మొదటి గురువారం మా ఇంట్లో అన్నం చాలలేదు.

మామగారు, మావారు, ఇద్దరాడపిల్లలు, నేను. ఐదుగురికి తవ్వన్నర బియ్యం. రోజూ పిల్లల చద్దికి ఇంత మిగిలేది. ఆ రోజు నా వంతు వచ్చేసరికి గరిటెకు గిన్నె అడుగు తగిలింది. కొలత తప్పాననుకున్నాను. రెండో గురువారం అదే. మూడోదీ అదే. మిగతా రోజుల్లో ఎప్పటిలాగే మిగిలేది.

మావారు హైస్కూల్లో లెక్కలు చెబుతారు. “ఊళ్ళోవాళ్ళతో వాదించి వాదించి ఆకలేసి నువ్వే లాగించేస్తున్నావేమోనే,” అన్నారు. ఐదో గురువారం సెలవు పెట్టి, తానే బియ్యం కొలిచి, పొయ్యి దగ్గర పీట వేసుకు కూర్చున్నారు. పనిమనిషిని రానివ్వలేదు. పిల్లి దూరకుండా తలుపేశారు. గంజి వార్చి గిన్నె దించేదాకా కదల్లేదు, మూత మీంచి చూపు తియ్యలేదు. వడ్డించాం. సరిగ్గా ఒక మనిషి అన్నం తక్కువ. ఆ తర్వాత ఆయన దాని మీద హాస్యమాడలేదు.

ఆ సాయంత్రం సోమిదేవమ్మగారింటికి వెళ్ళాను. క్షమించమని అడుగుదామనే బయల్దేరాను. తీరా వెళ్ళాక అడిగింది వేరు.

“గురువారాలు ఇంకా వండుతున్నారాండీ?” అన్నాను.

“మానేసేనమ్మా, రాయి వేసిన రోజు నుంచీ.” ఆవిడ నా మొహంలోకి చూశారు. “మీ ఇంటికొస్తున్నాడా?”

“ఆయ్,” అన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చిందని నమ్మలేకపోయాను.

“మహా మొహమాటస్తుడుట. మారు అడగడని మా అత్తగారు చెప్పేవారు. ముందే కాస్త ఎక్కువ వండాలమ్మా.”

మీ ఇంటిపేరు చెక్కిస్తాను మామ్మగారూ అని ఆ క్షణంలో అనవలసింది. అనలేదు. ఆ వానాకాలంలోనే ఆవిడ పోయారు. రాయి మార్పించడానికి మామగారు ఉన్నంతకాలం భయం అడ్డొచ్చింది, ఆయన పోయాక సిగ్గు. లైబ్రరీకి వెళ్ళినప్పుడల్లా తలొంచుకునే ఆ రాయి దాటుతాను. ఊళ్ళో అందరితోనూ వాదిస్తాను గానీ ఆ సంగతి మాత్రం ఎత్తను.

ఇదంతా ఏమిటో నాకు తెలీదు. దయ్యాలున్నాయని ఇప్పటికీ ఒప్పుకోను. పిల్లల పెళ్ళిళ్ళయిపోయి మేమిద్దరమే మిగిలాం. నిన్న గురువారం. మా ఇద్దరికీ సరిపడా కొలిచి, ఆ పైన ఇంకో అరసోలెడు బియ్యం పోశాను.

మిగల్లేదు.